జాబితాలో చివరి ఏడుగురు

సోమవారం పొద్దున డిపో నోటీసు బోర్డు మీద అంటించిన కాగితంలో నలభై ఒక్క పేర్లున్నాయి. నలభై ఒకటో పేరు రాఘవేందర్‌ది. వరుసగా ఇది మూడో సోమవారం.

ఇలాంటి కాగితాలను పైనుంచి చదవడమే అతనికి అలవాటు. ఇరవై ఆరేళ్లు డీజిల్ బస్సు నడిపినంత కాలం తన పేరు కోసం కళ్ళను కిందికి దించాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్కను డిపో భాషలో కేఎంపీఎల్ అంటారు. అందులో డిపోకంతటికీ మొదటివాడిగా తొమ్మిదిసార్లు అతని మెడలో పూలదండ పడింది. సనత్‌నగర్‌లో బయలుదేరి అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా కోఠి చేరే దారిలో రాఘవేందర్ డీజిల్‌ను చంటిపిల్లకు ఉగ్గు పోసినట్టు పోస్తాడని తోటి డ్రైవర్లు చెప్పుకొనేవారు.

నిరుడు డిపో స్వరూపమే మారింది. డీజిల్ బస్సులు వెళ్ళిపోయి బ్యాటరీ బస్సులు వచ్చాయి. వాటిని నడిపించే బాధ్యత ఒక కంపెనీ తీసుకుంది. పాత డ్రైవర్లలో ముప్పై మంది ఆరు రోజుల శిక్షణ పొంది ఆ కంపెనీలో చేరారు. మిగిలిన పదకొండు మంది కొత్తవాళ్ళు. లీటర్లు పోయి యూనిట్లు వచ్చాయి. కిలోమీటరుకు ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చయిందన్నదే ఇప్పటి లెక్క. అది ఎంత తగ్గితే డ్రైవరుకు అంత గౌరవం. జాబితాలో మొదటి పేరు నవీనది, 1.08. చివరి పేరు రాఘవేందర్‌ది, 1.43.

వరుసగా నాలుగు వారాలు 1.35 దాటినవాళ్ళను స్టీరింగు నుంచి తప్పించి యార్డు డ్యూటీకి పంపాలని కంపెనీ ఈ నెలలోనే కొత్త నియమం పెట్టింది. యార్డు డ్యూటీ అంటే చార్జింగు అయిన బస్సును పక్కకు తీసి, కానిదాన్ని ఆ స్థానంలో పెట్టడం. రోజంతా కలిపినా కిలోమీటరు దూరం నడవని డ్రైవింగ్ అది. రాఘవేందర్‌కు యాభై నాలుగేళ్ళు. ఇంకా నడపాల్సిన ఏళ్ళు ఆరున్నాయని అతని అంచనా. వాటిలో ఒక్కటి కూడా యార్డుకు ఇచ్చే ఉద్దేశం అతనికి లేదు.

అతని లెక్క ఎందుకలా ఉందన్న విషయంలో డిపో వారం లోపలే ఒక నిర్ణయానికి వచ్చేసింది. దోషం బస్సుది. అతనికిచ్చిన బస్సు నంబరు అంకెలన్నీ కూడితే ఎనిమిది వస్తుంది. ఎనిమిది శనిదన్న సంగతి తెలియని డ్రైవరు ఆ డిపోలో లేడు. ఆ బస్సు మొదటి నెలలోనే అమీర్‌పేటలో ఒక ఆటోను గీకిందని ఒకరు గుర్తు చేశారు. ఎనిమిది రాని బస్సులు ఆ నెలలో ఎన్ని ఆటోలను గీకాయో మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

బస్సుకు నిమ్మకాయ కట్టమని అందరికంటే ఎక్కువగా పోరింది జహూర్. జాబితాలో అతనిది ముప్పై తొమ్మిదో స్థానం. ఇరవై ఏళ్ళుగా రాఘవేందర్‌తో కలిసి చాయ్ తాగినవాడు, ఏ విపత్తులోనూ నవ్వు మాననివాడు.

“నిమ్మకాయ మీది, తాయెత్తు మాది. రెండూ కడదాం అన్నా. ఏది పనిజేస్తే దానికే పేరు.”

“రెండూ కట్టి లెక్క తగ్గిందనుకో, ఏది పనిజేసిందో ఎట్ల తెలుస్తది జహూర్ భాయ్?” అని రాఘవేందర్ అడిగాడు.

“తెలుసుకొని ఏం జేస్తవ్? తగ్గితే సాలదా?”

రాఘవేందర్‌కు అది చాలదు. అతను పెద్దగా చదువుకున్నవాడు కాదు. యూసుఫ్‌గూడ బడిలో తొమ్మిదో తరగతి దగ్గర ఆగిపోయినవాడు. అయితే కేఎంపీఎల్ లెక్క అతనికి ఒక్క సంగతి నేర్పింది. అంకె మారిందంటే చేతిలోనో దారిలోనో ఏదో మారింది. ఏం మారిందో తెలియకపోతే ఆ అంకె రేపు మళ్ళీ మారుతుంది, అప్పుడు నోరు తెరుచుకొని చూడడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు.

ఆ మధ్యాహ్నం అతను మేనేజరు భార్గవ్ గదికి వెళ్ళాడు. భార్గవ్ రాజమండ్రి నుంచి వచ్చిన ఇంజినీరు. ముప్పై రెండేళ్ళవాడు, అందరినీ గారు అనే పిలుస్తాడు. దోషం బస్సుదా, తనదా తేల్చమని రాఘవేందర్ కోరాడు. అందుకు దారి కూడా అతనే చెప్పాడు. ఒక్క వారం తన బస్సు నవీనకు, నవీన బస్సు తనకు ఇవ్వాలి. దారి అదే, వేళలూ అవే. బస్సుకే శని పట్టి ఉంటే అది నవీననూ వదలదు. భార్గవ్, ఇంత సులువైన సంగతి తనకెందుకు తోచలేదా అన్నట్టు తల ఊపి ఒప్పుకున్నాడు.

నవీన కూడా అభ్యంతరం చెప్పలేదు. ఆమెకు ఇరవై ఏడేళ్ళు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి కోచింగ్ సెంటర్లకు వెళ్ళే పిల్లలను ఎక్కించుకుంటూ నాలుగేళ్ళు కరెంటు ఆటో నడిపింది. ఆ తర్వాత హెవీ లైసెన్సు తీసుకుని నేరుగా ఈ బస్సు ఎక్కింది. డీజిల్ బస్సు స్టీరింగు ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. శనిబస్సు ఎక్కుతున్నావు జాగ్రత్త అని ఎవరో హెచ్చరిస్తే, పొద్దున నాలుగింటికి లేచి డ్యూటీకొచ్చే దానికంటే పెద్ద శని ఇంకేముంటుందని ఎదురు ప్రశ్న వేసిందట.

నాలుగో సోమవారం జాబితా వచ్చింది. ఎనిమిది నంబరు బస్సు నవీన చేతిలో 1.09 చూపించింది. నవీన బస్సు రాఘవేందర్ చేతిలో 1.42 చూపించింది.

అంతటితో బస్సుకు పట్టిన శని వదిలింది. దోషం మొత్తం అతని నెత్తిన పడింది. మనిషి తను కోరి వేసిన తూకంలో తానే తేలిపోతే తూకాన్ని తిట్టడం లోకరీతి. రాఘవేందర్ తూకాన్ని తిట్టలేదు. బోర్డు ముందు చాలాసేపు నిలబడి, ఆ రెండు అంకెలనూ చొక్కా జేబులోని చీటీ మీద రాసుకున్నాడు. అవమానం లేకపోలేదు. దానికింద ఒక మొండి సంతోషం కూడా ఉంది. ప్రశ్న సగానికి సగం తెగింది. కారణం తన చేతుల్లోనే ఉందంటే వెతకడానికి దూరం పోనక్కర్లేదు.

సాయంత్రం భార్గవ్ అతన్ని పిలిపించి ఒక కాగితం ముందుపెట్టాడు. నాలుగు వారాలూ 1.35 దాటిన ఏడుగురి పేరిట ఏడు కాగితాలు అచ్చయి వచ్చాయి. అన్నింటిలోనూ మాట ఒక్కటే: ‘వయోభారం కారణంగా నూతన సాంకేతిక వాహనాన్ని నడపలేకపోతున్నాను. కనుక నా అభీష్టం మేరకే యార్డు విధులు కోరుకుంటున్నాను.’ శుక్రవారం లోపల సంతకాలు చేసి ఇవ్వాలి.

“ఇందులో మీ తప్పేం లేదండీ రాఘవేందర్ గారూ. వయసు ఎవరికైనా వస్తుంది” అన్నాడు భార్గవ్, నిజంగానే ఓదార్పుగా.

“నా అభీష్టం ఏందో నన్ను అడగకుండనే అచ్చు గొట్టిన్రు సార్” అన్నాడు రాఘవేందర్. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతకం మాత్రం చేయలేదు.

మరునాడు అతనికి సెలవు. పొద్దున ఏడింటికే సనత్‌నగర్ స్టాపులో ప్రయాణికుడిలా నిలబడి నవీన బస్సెక్కాడు. కోఠికి టికెట్ తీసుకుని డ్రైవరు సీటు వెనక కడ్డీ పట్టుకుని నిల్చున్నాడు. అద్దంలో ఆమె అతన్ని చూసి, డ్యూటీ లేని రోజు బస్సెక్కిన డ్రైవరును మొదటిసారి చూస్తున్నానంది. ఆమె చేతుల వంక చూడడానికి వచ్చానని అతను దాపరికం లేకుండా చెప్పాడు.

“నా చేతుల్ల ఏమున్నది కాకా, గాజులు సుత లెవ్వు” అని నవ్వి ఆమె బండి కదిలించింది.

అమీర్‌పేట దాకా అతనికి కొత్తగా ఏమీ కనబడలేదు. బయలుదేరేటప్పుడు ఆమె తన కంటే మెత్తగా నడపడం లేదు. ఏసీ తగ్గించడం లేదు. కోచింగ్ పిల్లలు, ఆఫీసు ఆడవాళ్ళు గుమ్మాల దాకా నిండారు. బరువులో కూడా తేడా లేదు. పంజాగుట్ట చౌరస్తా దాటి బస్సు ఎర్రమంజిల్ ఎత్తు ఎక్కింది. అక్కణ్ణుంచి ఖైరతాబాద్ వైపు దిగుడు. రోడ్డు వంగగానే రాఘవేందర్ ఎడమచేయి కడ్డీ మీది నుంచి దానంతటదే లేచింది. చూపుడు వేలు గాలిలో ఏదో నొక్కడానికి సిద్ధమైంది. నవీన చేయి మాత్రం స్టీరింగు మీద ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఆ క్షణంలో అతను తన వేలినీ, ఆమె ముందున్న డయల్‌నూ ఒకేసారి చూశాడు.

ఆ డయల్‌లో ఒక ముల్లు ఉంటుంది. కరెంటు ఖర్చవుతుంటే కుడివైపు పోతుంది. ఎడమవైపు ఆకుపచ్చ గీతలున్నాయి. దిగుడులో ఆమె కాలు తీసేయగానే ముల్లు సున్నా దాటి ఆ ఆకుపచ్చలో చాలా లోతుకు పడిపోయింది. అతని బస్సులో ఇదే చోట ముల్లు సున్నా మీద నిలిచేది. రోజుకు ఆరుసార్లు దాన్ని అక్కడ చూసి అతను తృప్తిపడేవాడు. ఖర్చు సున్నా అంటే అంతకంటే పొదుపు ఏముంటుంది? సున్నాకు అవతల కూడా ఒక పొదుపు ఉంటుందని డీజిల్ ఇరవై ఆరేళ్ళలో అతనికి ఎన్నడూ చెప్పలేదు.

డీజిల్ బస్సుకు దిగుడు వస్తే గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేయడం, సిగ్నల్ రెండొందల గజాల దూరంలో ఎర్రగా కనబడగానే న్యూట్రల్ చేసి దొర్లనివ్వడం కేఎంపీఎల్ పెంచుకునే విద్యలో మొదటి పాఠం. నియమావళి దాన్ని ఒప్పుకోదు. అది ప్రమాదమని కూడా ఉంటుంది. అయినా పూలదండలు పడ్డ ప్రతి మెడా ఆ విద్య నేర్చినదే. బ్యాటరీ బస్సులో గేర్లు లేవు గానీ న్యూట్రల్ బటన్ ఉంది. చేయి దాన్ని మొదటి రోజే వెతికి పట్టుకుంది. బస్సు వాలున దొర్లేటప్పుడు చక్రాలు మోటారును తిప్పితే ఆ మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి తిరిగి పంపుతుంది, బస్సు వేగమూ తగ్గుతుంది. న్యూట్రల్ నొక్కితే చక్రాలకూ మోటారుకూ పొత్తు తెగిపోతుంది. తిరిగి రావలసిందంతా బ్రేకు పలకల దగ్గర వేడిగా గాలిలో కలుస్తుంది. రాఘవేందర్ ఏడాదిగా ఎంతో శ్రద్ధగా, నిష్ఠగా, రోజుకు వందసార్లు తన బస్సు నోటి దగ్గరి కూడు లాగేస్తున్నాడు.

కోఠి చేరాక అతను నవీనను ఒక్కటే అడిగాడు. న్యూట్రల్ ఎప్పుడు నొక్కుతావు?

“స్టాండుల బండి ఆపినంక” అంది ఆమె. “నడుస్తుండంగ ఎందుకు నొక్కుత కాకా?”

బుధవారం పొద్దున అతను జాబితా నకలు పట్టుకుని భార్గవ్ గదిలోకి వెళ్ళాడు. వెంట జహూర్ ఉన్నాడు. జాబితాలో చివరి ఏడు పేర్ల పక్కన పెన్సిలుతో గీతలు పెట్టి ఉన్నాయి. ఆ ఏడుగురూ ఎప్పుడో ఒకప్పుడు కేఎంపీఎల్‌లో దండలు వేయించుకున్నవాళ్ళే. దండ పడ్డవాడు ఒక్కడూ ఆ గీతలకు పైన లేడు. వయసే కారణమైతే రాజనర్సయ్య అందరికంటే కింద ఉండాలి. డిపోలో పెద్దవాడు అతనే, యాభై ఎనిమిదేళ్ళు. అతను పదో స్థానంలో ఉన్నాడు. దిగుడులో న్యూట్రల్ అంటే భయం గనుక డీజిల్ రోజుల్లో రాజనర్సయ్యకు ఏనాడూ దండ పడలేదు. ఇప్పుడు ఆ భయమే అతన్ని కాపాడింది.

భార్గవ్ జాబితాను దగ్గరికి లాక్కుని మూడుసార్లు చదివాడు. ఇంజినీరు కనుక చెప్పాల్సిన తక్కిన సంగతి అతనికే అర్థమైంది. ముఖం ఎర్రబడింది.

“కరెంటు తిరిగొచ్చే రీజెనరేటివ్ బ్రేకింగ్ గురించి ట్రెయినింగ్ మూడో రోజు చెప్పామండీ. స్లైడ్ కూడా ఉంది.”

“చెప్పిన్రు సార్. చైనాల షెంజెన్‌ల పదహారు వేల బస్సులు కరెంటుకు మారినయని సుత చెప్పిన్రు, ఫోటోలు జూపిచ్చిన్రు. నడుస్తుండంగ న్యూట్రల్ నొక్కొద్దని మాత్రం ఎవ్వరు చెప్పలే.”

“నడుస్తుండగా నొక్కుతారని మేం అనుకోలేదు.”

“మేం నొక్కకుంట ఉంటమని మేమూ అనుకోలే. గా షెంజెన్ డ్రైవర్లు సుత మొన్నటిదాంక డీజిల్ తోలినోళ్ళే గద సార్. ఆళ్ళ చేతులకు ఎవరో ఒకరు ఇది మాన్పించి ఉంటరు. గా స్లైడు మీ కంప్యూటరు డబ్బల లేదు.”

భార్గవ్ తప్పును కప్పిపుచ్చుకునే మనిషి కాదు. అధికారులకు భయపడే మనిషి మాత్రం అవును. ఇదంతా ఊహ కదా, రుజువు లేనిదే హెడ్డాఫీసుకు ఏమని రాయాలి అన్నాడు. రాఘవేందర్ ఆ మాట కోసమే వచ్చినట్టు, పదకొండు గంటల ట్రిప్పులో తన వెనక సీట్లో కూర్చుని లెక్క రాసుకోమన్నాడు.

ట్రిప్పు మొదలైంది. తెలుసుకోవడం వేరు, చేయికి తెలియడం వేరని అతనికి ఎర్రగడ్డ దాటకముందే అర్థమైంది. దూరాన ఎర్రదీపం కనబడగానే ఎడమచేయి లేస్తుంది. దాన్ని పెంకి కోడెను గుంజినట్టు వెనక్కి గుంజి స్టీరింగు మీద పెడతాడు. మళ్ళీ లేస్తుంది. మైత్రీవనం దగ్గర జనం అడ్డం పడి, ధ్యాస ఒక్క క్షణం రోడ్డు మీదికి పోయింది. వేలు బటన్ నొక్కేసింది. భార్గవ్ చూడలేదు, అతను కిటికీలోంచి ఎవరినో పక్కకు జరగమని సైగ చేస్తున్నాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

“సార్, న్యూట్రల్ నొక్కిన. ఒకటి రాసుకోండ్రి” అన్నాడు రాఘవేందర్.

పంజాగుట్టలో ఇంకొకసారి. అదీ అతనే చెప్పి రాయించాడు. ఎర్రమంజిల్ దిగుడులో మాత్రం చేయి కదలలేదు. ముల్లు ఆకుపచ్చ లోతుకు దిగింది. బస్సు ఎవరో వెనక నుంచి మెత్తగా పట్టుకున్నట్టు నెమ్మదించింది. బ్రేకు గట్టిగా తొక్కే పని తప్పిందని నిలబడ్డ ప్రయాణికులకు కూడా తెలిసి ఉండాలి. ఎవరూ ముందుకు తూలలేదు.

రానూ పోనూ కలిపి లెక్క 1.17 వచ్చింది. నవీన అంత కాదు. జాబితాలో పెడితే పదిహేనో స్థానం. ఒక్క ట్రిప్పును పట్టుకుని ప్రపంచాన్ని తేల్చకూడదని రాఘవేందర్‌కు కూడా తెలుసు. కానీ ఏడాది పొడవునా ఒక్క వారం కూడా 1.40 కిందికి దిగని అంకె, రెండు గంటల్లో ఇరవై ఆరు పాయింట్లు దిగింది. వయసు రెండు గంటల్లో తగ్గేది కాదు.

గదికి తిరిగి వచ్చాక భార్గవ్ కుర్చీలో కూర్చుని, రాఘవేందర్ పేరున్న కాగితం ఆఫీసు ప్రతిని వెతికి తీసి అడ్డంగా చింపాడు. ఈయన సంగతి తేలిపోయిందనీ, తక్కిన ఆరుగురు కూడా ఒక్కొక్కరే వచ్చి ఇలాగే నిరూపించుకుంటే చూద్దామనీ అన్నాడు. ఈలోగా వాళ్ళ సంతకాలు మాత్రం శుక్రవారానికి వెళ్ళాలి, పైనుంచి ఒత్తిడి ఉంది.

జహూర్ నవ్వు మొదటిసారి ఆగిపోయింది. రాఘవేందర్ లేచి నిలబడ్డాడు.

“నాదొక్కటి చింపితే తప్పు నాదొక్కనిదే అయితది సార్. ఏడుగురి చేతులకు ఒక్కటే అలవాటు అంటింది. దాన్ని మీరు మాన్పియ్యలే, మేం మానలే. గిది నిజం. మీ కాగితంల వయసని ఉన్నది. గది అబద్ధం. అబద్ధం కింద నేను సంతకం పెట్ట. నాకు మాఫీ జేసి ఆళ్ళతో పెట్టిపిస్తమంటే, ఆళ్ళనూ పెట్టనియ్య.”

“నేను రిపోర్టు చేయాల్సి వస్తుందండీ.”

“చెయ్యండ్రి. లెక్క సుత రాయండ్రి. రెండుసార్లు న్యూట్రల్ నొక్కిన, గది సుత రాయండ్రి. వయసు ముచ్చట ఒక్కటి రాయకుండ్రి.”

యార్డు డ్యూటీకి ఒప్పుకుంటే కనీసం ఉద్యోగం మిగులుతుందని, మొండికేస్తే అదీ ఉండకపోవచ్చని భార్గవ్ మెల్లగా, నిజాయితీగానే చెప్పాడు. ఆ సంగతి రాఘవేందర్‌కు తెలియనిది కాదు. అతను రెండూ ఎదురుగా పెట్టుకుని చూశాకే వచ్చాడు.

శుక్రవారం సాయంత్రానికి ఏడుగురిలో ఒక్కరూ సంతకం చేయలేదు. రాఘవేందర్‌తో కలిపి ఆరుగురు తమ కాగితాలు ఖాళీగానే తిరిగి ఇచ్చారు. జహూర్ మాత్రం సంతకం చేసే చోట 1.43, 1.17 అని రెండు అంకెలు వేసి ఇచ్చాడు. అవి తనవి కాకపోయినా తన వయసు కంటే నమ్మదగ్గవన్నాడు. భార్గవ్ ఆ కాగితాలనూ, పెన్సిలు గీతల జాబితానూ, ట్రిప్పు లెక్కనూ కలిపి హెడ్డాఫీసుకు పంపాడు. పైన తన మాటగా మూడు వాక్యాలు రాశాడు. శిక్షణలో ఒక పాఠం లోపించిందన్నది మొదటి వాక్యం. అది రాయడానికి అతనికి మధ్యాహ్నమంతా పట్టింది.

జవాబు రాకముందే శనివారం పొద్దున, డిపోలో నిలిపి ఉంచిన బస్సులో ఒక గంట పాఠం జరిగింది. చెప్పేది రాఘవేందరే అనుకున్నాడు భార్గవ్. రాఘవేందర్ ఒప్పుకోలేదు, తాను మాని వారం కూడా కాలేదు, తానేం చెప్తానన్నాడు. నవీన డ్రైవరు సీట్లో కూర్చుంది. కలిపితే ముప్పై దండలకు తక్కువ కాని ఏడు మెడలు ఆమె వెనక గుంపుగా వంగి డయల్ చూశాయి. ఆమె మొదట డయల్ అద్దం తుడుస్తూ కూర్చుంది. ఎడమచేయి కింద పెట్టుకుని కూర్చోవాలా అని జహూర్ అడిగాక అందరూ నవ్వారు, ఆమె పాఠం మొదలుపెట్టింది.

జవాబు సోమవారం వచ్చింది. సంతకాల సంగతి ప్రస్తుతానికి ఆపారు. ఏడుగురికీ పదిహేను రోజుల గడువు. ఆ తర్వాత 1.35 దాటినవాళ్ళకు కాగితాలు మళ్ళీ పంపుతారు. వయోభారమన్న మాట తీసేస్తామని గానీ, ఉంచుతామని గానీ అందులో లేదు. భార్గవ్ ఆ ఉత్తరాన్ని అందరికీ చదివి వినిపించి, రాఘవేందర్ వంక చూశాడు.

రాఘవేందర్ అప్పటికే డ్యూటీ చీటీ తీసుకుని తన బస్సు మెట్లెక్కుతున్నాడు. ఒక మెట్టు మీద ఆగాడు.

“పదిహేను దినాలెందుకు సార్, వారం సాలు” అన్నాడు. “ఆ కాగితాలు మాత్రం మళ్ళ అచ్చు గొట్టియ్యకుండ్రి. ఎన్నిసార్లు పంపినా గట్లనే వాపస్ వస్తయ్.”

తలుపు మూసుకుంది. బస్సు చప్పుడు చేయకుండా గేటు దాటి అమీర్‌పేట వైపు తిరిగింది.